జహాజీ పంపిన సీసా

చచ్చిపోయినవాడు పంపిన సీసాని ముందు ఎవరు తాగాలి? ఈ ప్రశ్నకి జవాబు తెలియక పదకొండు రోజులు మా వంటింటి అలమరకి వీపు పెట్టి భోంచేశాను.

మూట విశాఖపట్నం నుంచి మా కిరండూల్ వచ్చే పాసింజర్లో ఎవరి చేతికో ఇచ్చి పంపారు. ఎర్ర తువ్వాల్లో చుట్టి ఉంది. విప్పితే ముదురాకుపచ్చ సీసా, మూతికి మైనం. సీసా దొర్లకుండా కాబోలు, చుట్టూ నాలుగు బంగాళాదుంపలు కూరి, వాటికి పుల్లలు గుచ్చి పెట్టారు. తువ్వాలు కొసన ఒక ముడి.

ఆ ముడి చూశాక సీసా ఎవరిదో అడగక్కర్లేదు. ఆయన పోయాడన్న కబురు అంతకు వారం ముందే వచ్చింది.

మా ఆవిడ పుల్లలు పీకి పెరట్లోకి విసిరేసి దుంపలు వేపుడు చేసింది. నేను రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాను. విషం సీసాలోనే ఉంటుందని మనకి ఎవరు నేర్పారో గాని, దుంపల మీద నాకు ఒక్క పిసరు అనుమానం రాలేదు.

ఎందుకు విషం అనుకున్నానో చెప్పాలి. నాది మార్కెట్ రోడ్డులో మోటారు సైకిళ్ళు బాగుచేసే కొట్టు. బండి చక్రం ఊడదీసి బాగుచేసే లోపల రెండు అబద్ధాలైనా చెప్పకపోతే నాకు నట్టు బిగియదు. అది ఊరంతటికీ తెలుసు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో సగం తీసేసి వినండి. ఏ సగమో మీ ఇష్టం.

ఆయన్ని ఇక్కడ అందరూ జహాజీ అనేవారు, ఓడ మనిషి అని. మా కొండల్లో తవ్విన ఎర్రరాయి రైలెక్కి సముద్రానికి పోతుంది. పుట్టి బుద్ధెరిగి, ఆ రాయికి ఎదురు దారిలో సముద్రం నుంచి కొండకి వచ్చిన మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను. ఓడలో వంటవాడిగా పదేళ్ళు చేసి, ఇక్కడ పెళ్ళికాని ఉద్యోగులుండే మెస్సులో వంటకి చేరాడు. కొట్టుకి దగ్గరని నా మధ్యాహ్నం భోజనమూ అక్కడే. పొట్టి మనిషి, మోచేతుల దాకా కాలిన మచ్చలు. గట్టి నేల మీద కూడా కాళ్ళు ఎడంగా వేసి నడిచేవాడు. టీ తాగుతూ ఒక చేత్తో గుమ్మం పట్టుకునేవాడు.

"ఏం అన్నా, పడిపోతావా?" అంటే, "భూమి కదల్దని ఇంకా నమ్మకం కుదర్నేదు తమ్మీ" అనేవాడు.

ఆయన మెడలో ఎర్ర తువ్వాలు. ఎవరైనా తనకి అన్యాయం చేస్తే దాని కొసన ఒక ముడి పడేది. కేకల్లేవు, తిట్లు లేవు. ముడి వేసి వెళ్ళి కూరలో గరిటె తిప్పుకునేవాడు. లెక్క తీరినరోజు ఆ ముడిని పళ్ళతో విప్పేవాడు. చిన్న లెక్కలూ వదిలేవాడు కాదు. ఒక ఇంజనీరు పప్పు నీళ్ళగా ఉందన్నాడని అతనొక్కడికే నలభై రోజులు గరిటె నిలబడేంత గట్టి పప్పు పెట్టాడు. నలభై ఒకటో రోజు ఆ ఇంజనీరు వంటింట్లోకొచ్చి, "బాబ్బాబు, నీళ్ళు పొయ్యవయ్యా" అని చేతులు పట్టుకున్నాడు. ద్రాక్షగుత్తి ఎత్తుకెళ్ళిన కోతి మీదా పగే. దాన్ని కొట్టలేదు. మర్నాడు అదే కోతికి ఎదురుగా రాతి మీద కూచుని, దాని కళ్ళలోకి చూస్తూ, ఒక గుత్తి మొత్తం ఒక్కో పండే తుంచి తిన్నాడు. ఆఖరి పండు తిని చేతులు దులుపుకుంటే కోతి మొహం తిప్పుకుంది. ఇది నా కళ్ళతో చూశాను. కోతి ఏడ్చిందని మాత్రం నేను తర్వాత కలిపాను.

ద్రాక్ష అన్నాను కదా. అసలు సంగతి అదే.

ఓడలో ఉన్న రోజుల్లో ఒకసారి ఇంజను పాడై, మధ్యధరా సముద్రంలో కార్సికా అనే దీవి దగ్గర నెలల తరబడి ఆగిపోయారట. దీవి అంటే ఇసకా కొబ్బరిచెట్లూ కాదట, నీళ్ళలోంచి నిట్టనిలువుగా లేచిన కొండలట. ఊరికే కూర్చోలేక ఈయన ద్రాక్ష కోతకి కూలికెళ్ళాడు.

"మన బైలడీలా కొండనే ఇరిసి సముద్రంలో నిలబెట్టీసినట్టుంటాది తమ్మీ. వాలు మీద రాళ్ళు పేర్సి మెట్లు కడతారు. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయంతే. మెట్టుకో వరస తీగ. ఆ రాళ్ళు పగలంతా ఎండ తాగి సందేళ తీగకి కక్కుతాయి. ఒక నల్ల పండుంటాది, కొరికితే పళ్ళకింద కరకరమంటాది. దాని సారా తాగితే ముందు మిరియం, ఎనకాల అడివి వాసన."

"మన ఇప్పసారా కన్నా బాగుంటుందా?"

"ఇప్పసారా దెబ్బ కొడతాది. అది కూకోబెట్టి మాటాడతాది."

పనిచ్చిన ముసలామె గురించి తరచు చెప్పేవాడు. ఆ దీవిలో పగంటే పెళ్ళి లాంటిదట, రెండు కుటుంబాలు తరాల పాటు కట్టుబడి ఉండాలి. ముసలామె మేకని పక్కింటివాడు కొట్టి చంపాడు. ఆమె ఒక్క మాట అనలేదు. వాడి సారా పీపాలుండే గది గోడ పక్కన, తన నేలలో, ఒక అంజూరు మొక్క నాటింది. రోజూ నీళ్ళు పోసింది. ఈయన వెళ్ళేసరికి ఆ చెట్టు వేళ్ళు గోడలోకి దూరి, రాళ్ళు ఒక్కొక్కటే బయటికి తోస్తున్నాయట. పక్కింటివాడు పొద్దున్నే లేచి రాళ్ళు సర్దుకోవడం, ఆమె కుర్చీ వేసుకుని చూడటం.

"సంపీడం ఒక్కరోజు పని తమ్మీ," అనేవాడు జహాజీ. "పగ తీరాలంటే మొక్క నాటాల."

ఆ దీవి నుంచి తీగ కొమ్మలు తెచ్చాడు. ఎలా తెచ్చాడో నేను ఇప్పటికి నలభై రకాలుగా చెప్పి ఉంటాను. కెప్టెన్ చేతికర్రకి తొర్ర చేసి అందులో పెట్టి తెచ్చాడని ఒకసారి, పెద్ద చేప కడుపులో దాచాడని ఒకసారి. ఆయన నాకు చెప్పిన అసలు పద్ధతి మరీ వంటింటి సంగతి, రుచి లేదు. అందుకని మొదట్లోనే వదిలేశాను.

మెస్సు వెనక కొండవాలు మీద ఎర్రరాళ్ళు పేర్చి అయిదు మెట్లు కట్టాడు. మా వానలు తెలుసు కదా, ఆకాశం విరిగి పడ్డట్టుంటాయి. తెచ్చిన కొమ్మల్లో ఒక్కటే బతికింది. దానికి వానల్లో తాటాకు గొడుగు, ఎండల్లో చాప. వానలు పోయాక కత్తిరిస్తే ఇప్పపూలు రాలే రోజులకి పండు. కాపుకి ఎనిమిదేళ్ళు పట్టింది. "తీగ పెంచడమంటే ఏటనుకున్నావు? అది దొర, నువ్వు నౌకరు" అనేవాడు. మొదటి కాపు కుండలో పులియబెట్టి, మూడు సీసాలు తీసి, ఒకటి నా ముందు తెరిచాడు. ఆకు దొప్పలో పోసి, నేల మీద రెండు చుక్కలు వదిలి, తనో గుక్క తాగి, అప్పుడు నాకిచ్చాడు.

ఈ పద్ధతి ఇక్కడిది. జీలుగు కల్లు కానీ ఇప్పసారా కానీ, ఇచ్చేవాడు ముందు తాగాలి. దీన్లో విషం లేదు, నా కడుపులోనూ లేదు అని చెప్పడం. మా సంతలో కల్లు అమ్మే ఎర్రబోరు పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నాడు జహాజీ. ఆమెది కోంట వైపు ఎర్రబోరు, ఇక్కడికి కోడలై వచ్చింది. నేను మొదటిసారి కల్లు అడిగినప్పుడు తను గుక్క తాగి ఇచ్చింది. ఎంగిలని మొహం చిట్లించాను. "ఏంది బిడ్డ, నేను తాగకుండ ఇస్తే నువ్వు తాగుతవా? తాగితే నీయంత పిచ్చోడు లేడు" అంది.

ఆ తీగని చంపింది నేను.

చేత్తో కాదు. ఒక మధ్యాహ్నం ఠేకేదారు బొలేరో నా కొట్టు ముందు ఆగింది. రోడ్లు, గుంతలు, మట్టి తోలకాలు ఆయన కాంట్రాక్టులు. ఇరవై ఏళ్ళుగా మా మధ్య ఉండి తెలుగు నేర్చినవాడు. గాలి పట్టిస్తూ అడిగాడు:

"అరే భాయ్, ఆ జహాజీ కొండ మీద పత్థర్ ఎందుకు పేరుస్తున్నాడు?"

ద్రాక్ష తీగ కోసం అంటే సరిపోయేది. మూడు మాటలు. నా నాలుక మూడు మాటల దగ్గర ఆగి ఎరగదు.

"తీగ ఒక వంక సార్" అన్నాను. "కింద కురువిందం ఉంది, కెంపు రాయి. లాల్ పత్థర్. అమ్మితే కాదు, చూస్తేనే కళ్ళు పోతాయి. ఆ పండు కొరికి చూశారా? కరకరమంటుంది. ఎందుకనుకున్నారు? రాయి పొడి వేళ్ళగుండా పండులోకి ఎక్కింది."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. వెళ్ళి పండు కొరికి చూశాడు. కరకరమంది.

మూడోరోజు పొద్దున జహాజీ స్టేషన్‌కి పోయాడు, విశాఖ నుంచి మంచులో వచ్చే చేపల బుట్ట కోసం. తిరిగొచ్చేసరికి జేసీబీ పని ముగించింది. అయిదు మెట్లూ ఒక గుట్ట. తీగ వేళ్ళు పైకి, ఆకులు కిందికి. కింద మట్టి తప్ప ఏమీ లేదు. కురువిందం మాట అప్పటికే జనం నోట్లో ఉంది; అలాంటి కథ ఎవరిదో మా ఊళ్ళో అడగక్కర్లేదు. నేనూ జనంలో ఉన్నాను.

ఆయన బుట్ట దించాడు. దొర్లకుండా రెండు వైపులా రాళ్ళు పెట్టాడు. తువ్వాలు తీసి ఒక ముడి వేశాడు. కాసేపు ఆలోచించి రెండోది వేశాడు. విరిగిన తీగ దగ్గర కూచుని కత్తితో ఏవో ముక్కలు కోసి పంచెలో చుట్టుకున్నాడు. ఆ రోజు మెస్సులో చేపల పులుసు జన్మలో ఎప్పుడూ తిననంత బాగుంది. నాకు భయమేసింది అప్పుడే.

ఆరేళ్ళు గడిచాయి. తప్పు చేసినవాళ్ళు మర్చిపోతారు; పగ పట్టినవాడికి ఆ సౌకర్యం లేదు. ఠేకేదారు బచేలి రోడ్డులో బంగళా కట్టి, గృహప్రవేశం వంటకి జహాజీనే పిలిచాడు. ముందు లాన్, లాన్ మీద కుర్చీలు, కుర్చీల్లో పెద్దమనుషులు. తనకి కూలీలనిచ్చే ఊళ్ళ పెద్దలు మాత్రం ప్రహరీ పక్కన చాపల మీద. వాళ్ళకి డ్రమ్ము నిండా సారా. పేరుకి ఇప్పసారా, సగం ఇంకేదో.

పట్టపగలు. వడ్డన మొదలవుతుండగా జహాజీ దొప్ప నింపి రెండు చేతులతో పట్టుకుని ఠేకేదారు దగ్గరికి వెళ్ళాడు.

"సార్, ఇచ్చీవోరు తమరు. ముందు తమరు తాగాల. ఒక్కో పెద్దకి ఒక్కో దొప్ప. అదీ మర్యాద."

"నేను తర్వాత తాగుతా, పహలే మెహమాన్, అతిథులు."

చాపల మీద మాటలు ఆగిపోయాయి. కల్లు కుండలు తెచ్చిన ఎర్రబోరు పెద్దమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏంది బాబు, దొప్ప చూసి అట్ల వెనకకు జరుగుతవు? అండ్ల ఏమన్న కలిపినవా ఏంది?"

ఆ పెద్దలు లేచిపోతే రేపట్నుంచి పార పట్టేవాడుండడు. తాగాడు. రెండోది తాగాడు. చాపల మీద పద్నాలుగు మంది పెద్దలున్నారు. తొమ్మిదో దొప్పకి ఠేకేదారు జహాజీ భుజం మీద వాలి "నువ్వు నా భాయ్" అన్నాడు. పదో దొప్ప అందిస్తూ జహాజీ ఆయన చెవిలో ఏదో చెప్పాడు.

తర్వాత జరిగింది నేను కల్పించానని మా ఆవిడ కూడా అంటుంది. ఠేకేదారు లేచి, షెడ్డులో ఉన్న జేసీబీ తనే ఎక్కి, తన లాన్ తనే తవ్వాడు. కుర్చీల్లో వాళ్ళు కుర్చీలతో సహా పరిగెత్తారు. "మిలేగా! ఇక్కడే ఉంది! లాల్ పత్థర్!" అని అరుస్తూ గులాబీలు తవ్వాడు, గేటు స్తంభం తవ్వాడు, చివరికి సెప్టిక్ ట్యాంకు తవ్వాడు. అప్పుడు ఆగాడు. ఆగక తప్పలేదు.

చాపల మీదివాళ్ళు జీలుగు కల్లు తాగుతూ హాయిగా చూసి నవ్వారు. ఆ నవ్వు బచేలి రోడ్డు మీద ఇప్పటికీ వినిపిస్తుంది. ఠేకేదారు ఏడాది తిరక్కుండా బంగళా వదిలి వెళ్ళిపోయాడు. ఏ సంతకి పోయినా "దొరికిందా సార్?" అని అడిగేవాళ్ళు మరి.

నేను గాడిపొయ్యి పక్కన జహాజీని పట్టుకున్నాను. ఆయన పళ్ళతో ఒక ముడి విప్పుతున్నాడు.

"ఏం చెప్పావన్నా చెవిలో?"

"నువ్వు సెప్పిన మాటే తమ్మీ." తువ్వాలు దులిపి మెడలో వేసుకున్నాడు. "సోటు మార్సినాను. అంతే."

రెండో ముడి అలాగే ఉంది.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆయన చేతి భోజనం తింటూనే ఉన్నాను. మానేస్తే ఒప్పుకున్నట్టే కదా. ఒక్కసారి కోప్పడలేదు. ఒక్క మాట ఎత్తలేదు. కానీ నా కంచం తెచ్చిన ప్రతిసారీ అందులోంచి ఒక ముద్ద తీసి, నా కళ్ళలోకి చూస్తూ తను తిని, అప్పుడు కంచం నా ముందు పెట్టేవాడు. పక్కవాళ్ళు అది ప్రేమ అనుకునేవారు. ఆ కోతికి ఎలా ఉండి ఉంటుందో నాకు అర్థమైంది. ఒకరోజు ఆగలేక, "అన్నా, ఆ ముడి ఎప్పుడు విప్పుతావు?" అనేశాను. "తొందరేటి?" అన్నాడు. పని మానేసి సముద్రం ఒడ్డున కూతురింటికి పోయేరోజు రైలు కిటికీలోంచి ఆ తువ్వాలే ఊపాడు. ముడి నా వైపు.

ఏడేళ్ళకి, ఇదిగో, అదే తువ్వాలు, అదే ముడి, ఒక సీసా. ఇచ్చినవాడు ముందు తాగడానికి లేడు.

పారబోస్తే పిరికివాణ్ని. తాగితే పిచ్చివాణ్ని. ఇంకొకరికి ఇస్తే నేను ముందు తాగాలి. పదకొండోరోజు సీసా సంచిలో పెట్టుకుని ఎర్రబోరు పెద్దమ్మ దగ్గరికి పోయాను.

"చచ్చిపోయినోడు పంపాడు పెద్దమ్మా. ఎవరు ముందు తాగాలి?"

ఆమె తడుముకోలేదు. "నేలకు పొయ్యి. వాడు నేలలనే ఉన్నడు గద. నేల తాగినంక చీమలు ఏం జేస్తయో చూడు."

మైనం గీకి కొంచెం వంచాను. నేల పీల్చుకుంది. చీమలు వచ్చాయి, వాసన చూశాయి, వాటి పని మీద అవి పోయాయి. ఒక్కటీ చావలేదు. పెద్దమ్మ వేలు ముంచి నాలుకకి రాసుకుని, నన్ను ఎగాదిగా చూసింది.

"ఇవి నీళ్ళు బిడ్డ."

"నీళ్ళా?"

"మంచినీళ్ళు. వారం దినాల సంది నీ మొగం పాలిపోయింది ఈ మంచినీళ్ళకేనా?"

ఆయన కూతురికి ఫోన్ చేశాను. గొంతు తండ్రిదే, నెమ్మది.

"చిన్నాన్నా, మీరే చేస్తారని చూస్తన్నాను. పుల్లలు నాటేరా?"

"ఏ పుల్లలమ్మా?"

"అదేటి చిన్నాన్నా, దుంపల్లో గుచ్చి పంపేను కదా. ఓడలో కూడా నాన్న అలాగే తెచ్చేడంట, వంటగదిలో దుంపలకి గుచ్చి, తడి ఆరకుండా. ఆ సంగతి మీకు ఒక్కరికే చెప్పేనన్నాడు. దారిలో దుంపలు ఎండిపోతే తడపమని సీసాతో నీళ్ళు. బతికున్నప్పుడే అన్నీ తనే చెప్పి పెట్టించేడు. 'సీసా ఎందుకో ఆడికి తెలుస్తాది' అన్నాడు."

పెద్దమ్మ కల్లు కుండ పక్కనే కూర్చున్నాను. కర్ర తొర్రలో, చేప కడుపులో నలభై రకాలుగా దాచి, దుంప ఒక్కటీ మర్చిపోయాను. సీసాకి వీపు పెట్టి దుంపల వేపుడు తిన్నాను.

"మేడ మీద తొట్టిలో తీగ ఉండేది. ఇక్కడ ఉప్పుగాలికి కాపు లేదు. మొన్న ఇల్లు ఖాళీ చేస్తూ అదీ తీసేశాం. ఇంక ఉన్నవి ఆ నాలుగు పుల్లలే. చిగురేసాయా చిన్నాన్నా?"

నిజం ఒక్క మాట. అది కూడా నా నాలుక మీద నిలబడలేదు.

"వేశాయి తల్లీ. పచ్చగా."

అవతల నవ్వు లాంటిది.

"అయితే వేసవి సెలవుల్లో వస్తాను. నాన్న అలాగే చెప్పమన్నాడు. 'సిగురేసిందని ఆడు అన్నాడా, ఎంటనే టిక్కెట్టు కొనీసెయ్' అని."

ఇంటికొచ్చి పెరడంతా చేతులూ మోకాళ్ళ మీద వెతికాను. ఒక పుల్ల నీళ్ళ పొయ్యిలోకి పోయిందట. ఒకటి కుక్క నమిలింది. ఒకటి దొరకనే లేదు. నాలుగోది చిక్కుడు పాదుకి ఊతంగా మా ఆవిడ గుచ్చి ఉంచింది. పీకి చూశాను. ఎండిందో బతికిందో చెప్పడానికి నా దగ్గర విద్య లేదు. గోరుతో గీకబోయి మానేసి, తడిగుడ్డలో చుట్టాను.

కొండవాలు మీద, ఆ గుట్ట పక్కన, ఎర్రరాళ్ళు పేర్చి ఒక మెట్టు కట్టాను. ఒక్క మెట్టుకే నడుం పోయింది. పుల్ల నాటి, పైన తాటాకు కప్పాను. రోజూ కొట్టు తియ్యకముందు కొండెక్కి దాని ముందు గొంతుకు కూర్చుంటున్నాను, కాళ్ళు ఎడంగా పెట్టి. ముడి మాత్రం విప్పలేదు; అది నాది కాదు. పక్క రాతి మీద ఒక కోతి వచ్చి కూచుని నన్నే చూస్తుంది. ఇది మాత్రం నేను కలిపింది కాదు.

సెలవులకి ఇంకా మూడు నెలలున్నాయి. ఆ ఆకుపచ్చ సీసాతోనే నీళ్ళు మోసుకుపోతున్నాను. మూత తీసి, ముందు నేనొక గుక్క తాగి, పుల్లకి కనిపించేలా మింగి, అప్పుడు దాని మొదట్లో పోస్తున్నాను.